నాటిక కోసం కొత్త జీన్స్ వెలిసినట్టు కనిపించాలంటే ఏం చేయాలి?

తెరవెనుక:
వచ్చే నెల పరిషత్తు పోటీలో మా నాటిక ఉంది. ప్రధాన పాత్ర ఏళ్ల తరబడి లారీ నడుపుతున్న మనిషి. నటుడి కొలతకు కొత్త జీన్స్ ప్యాంటు కొన్నాం. రిహార్సల్‌లో దీపాలు వేయగానే అది ముదురు నీలంగా, అప్పుడే కొట్టులోంచి తెచ్చినట్టు కనిపించింది. ఆయన ఎంత బాగా నటించినా ఆ ప్యాంటు నమ్మనివ్వడం లేదు. నిన్న కాలి అంచు మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి తడిపాను. తెల్లటి చుక్కలు పడ్డాయి, ఒకచోట బట్ట చివికింది. రెండు వారాల గడువుంది. దారి చెప్పండి.

పడుగుపేక:
బళ్లారిలో జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ముందుగా లోపలి కుట్టు దగ్గర ఒక నీలం దారం లాగి, పురి విప్పి, వెలుతురులో చూడండి. నల్లచెరకు ముక్కలా పైన రంగు, నడుమ తెలుపు కనిపిస్తుంది. నీలిమందు దారం పైపైనే పట్టుకుంటుంది. పైగా పడుగుకే, అంటే నిలువు దారాలకే రంగు వేస్తారు; పేక, అంటే అడ్డ దారాలు, తెల్లగానే ఉంటుంది. అందుకే ఒరిపిడి పడిన చోటల్లా తెలుపు బయటికొస్తుంది. మీరూ ఒరిపిడితోనే మొదలుపెట్టండి, మందు తర్వాత.

నటుడికి ప్యాంటు తొడిగి, స్టీరింగ్ పట్టుకున్నట్టు కుర్చీలో కూర్చోబెట్టండి. గజ్జల దగ్గర, మోకాళ్ల వెనుక ఎక్కడ ముడతలు పడితే అక్కడ సుద్దతో గీయండి. విప్పాక కాలి లోపల చెక్కపలక పెట్టి, 220 నంబరు సాండ్ పేపర్‌తో ఆ ముడతల మిట్టల మీద తేలికగా రుద్దండి. ఇక ఆ మనిషి గురించి ఆలోచించండి. రోజంతా సీటులో కూర్చుంటాడు కాబట్టి వెనుకభాగం వెలవాలి. చేతులు తుడుచుకునే తొడలు, ఫోను పెట్టుకునే జేబు అంచు వెలవాలి. పిక్కల దగ్గర మాత్రం ముదురుగానే వదిలేయండి. అంతా ఒకే తీరున తెల్లబడితే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది.

రంగు ఇంకా తగ్గాలంటే ద్రవరూపంలో దొరికే బ్లీచ్ ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలపండి. ప్యాంటును ముందే మామూలు నీళ్లలో తడిపి ముంచండి, కదుపుతూనే ఉండండి. తడి బట్ట ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, కావలసిన రంగు రాకముందే తీసేయాలి. బాగా జాడించి, చేపల తొట్టెల సామాను అమ్మే చోట దొరికే క్లోరిన్ విరుగుడు, అదే హైపో, కలిపిన నీళ్లలో కాసేపు ఉంచండి. లేకపోతే మిగిలిన క్లోరిన్ బట్టను తింటూనే ఉంటుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి, పని ఆరుబయటే చేయండి. లేబుల్ మీద ఎలాస్టేన్ (సాగే దారం) అని ఉంటే బ్లీచ్ జోలికి వెళ్లకండి, సాగే గుణం పోతుంది.

తెరవెనుక:
చాలా కృతజ్ఞతలండీ. త్వరగా అవడానికి బ్లీచ్‌లో కాస్త నిమ్మరసమో వెనిగరో కలపవచ్చా?

పడుగుపేక:
వద్దు, దయచేసి ఆ పని చేయకండి. బ్లీచ్‌లో పులుపు పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎవరైనా ఇసుక ఊది వెలిసేలా చేస్తామన్నా ఒప్పుకోకండి. ఆ ధూళి పీల్చి కార్మికులు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడటంతో టర్కీ 2009లో ఆ పద్ధతినే నిషేధించింది. ప్యాంటు కోసం ఎవరి ఊపిరీ పోకూడదు.

కుట్టుమిషను:
నేను దర్జీ పని చేస్తానండీ. కుట్ల గట్లు మరిచిపోకండి. నడుము పట్టీ, జేబుల అంచులు, కాలి మడత మీద సాండ్ పేపర్ నాలుగుసార్లు తగిలితే చాలు. చివరగా చిక్కటి టీ డికాక్షన్‌లో ఒక పావుగంట ఉంచండి. బ్లీచ్ తెచ్చిన తెలుపు కాస్త మట్టిరంగుకు దిగి, రోడ్డు దుమ్ము పట్టినట్టు వస్తుంది.

తెరవెనుక:
లేబుల్ మీద ఎలాస్టేన్ రెండు శాతం అని ఉంది, అందుకే బ్లీచ్ మానేశాను. మూడు సాయంత్రాలు సాండ్ పేపర్‌తో రుద్ది, టీలో ముంచాను. కుడి తొడ మీద కొంచెం ఎక్కువే అరిగింది, అయినా బాగుంది. నిన్న రిహార్సల్‌లో మా నటుడు బండి దిగే ఘట్టంలో, ఎవరూ చెప్పకుండానే, రెండు చేతులూ ఆ తొడకేసి తుడుచుకున్నాడు.