ఊరు పేరు చెప్పగానే మీకు ఏ ముద్ర వేశారు?

బెంజిసర్కిల్: మొన్న హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరాను. మాది విజయవాడ అనగానే టీమ్ లీడ్ "అమ్మో, నీతో జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. బీసెంట్ రోడ్డులో బేరమాడాలన్నా అమ్మను ముందుకు తోసే రకం నేను. సినిమాలు చూసి చూసి బెజవాడంటే కత్తులూ జీపులే అనుకుంటున్నారు. మీకూ ఇలాంటివి జరిగాయా?

బ్రాడీపేట: మాది గుంటూరు. ఎక్కడ భోజనానికి కూర్చున్నా "నీకిది చప్పగా ఉంటుందిలే" అంటూ కారం డబ్బా జరుపుతారు. నాకు అల్సర్ బ్రో! జీఐ (భౌగోళిక) గుర్తింపు గుంటూరు సన్నం మిరపకాయకు ఇచ్చారు గానీ నా పొట్టకు కాదు. మిర్చి యార్డుకొచ్చిన టిక్కీలన్నీ (బస్తాలన్నీ) మేమే తినేస్తామనుకుంటారు కాబోలు.

వంశధార: మీది నయం, కనీసం భయపడతారు. మాది శ్రీకాకుళం, పదేళ్లుగా బెజవాడ ఆటోనగర్‌లో పని. మా యాస తెర మీద పనివాడికో అమాయకుడికో ఇస్తారు, హీరోకేమో మీ కృష్ణా గుంటూరు మాట, దానికి మళ్లీ "మామూలు తెలుగు" అని పేరు. నేను ఫోనెత్తి "ఏటండీ" అంటే చాలు, అవతల నవ్వు వినిపిస్తుంది. బళ్లో వెక్కిరించారని మా పాప ఇప్పుడు ఇంట్లో నాతో కూడా మీలాగే మాట్లాడుతోంది.

బెంజిసర్కిల్: అయ్యో, ఇది నాకెప్పుడూ తట్టలేదు అన్నా. నేనూ ఆ కామెడీలకు నవ్విన వాణ్ణే.

చామనఛాయ: బందరు రోడ్డు పొడుగునా నగల హోర్డింగులు చూడండి, మన ఎండలో తిరిగిన మొహం ఒక్కటుందా? ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది, రంగు తక్కువ వాళ్లను చిన్నబుచ్చేలా ప్రకటనలు తీయొద్దని ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ 2014లోనే చెప్పింది. మా అక్క పెళ్లిచూపుల్లో మాత్రం "పిల్ల కాస్త రంగు తక్కువ" అన్న మాట అలాగే ఉంది, అన్నది కూడా ఎవరో కాదు, మా మేనత్తే.

ఫ్లెక్సీడిజైనర్: గవర్నర్‌పేటలో నా పనే ఇది. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీకి తెల్లగా చెయ్యమంటే అలవాటైపోయింది గానీ, ఓసారి శ్రద్ధాంజలి బ్యానర్ తెచ్చి తాతగారి మొహం కూడా రెండు పాయింట్లు పెంచమన్నారండీ. ఇంకోటి, ఒక పచ్చళ్ల కొట్టుకు లేబుల్ చేశాను. అక్కడ ఆవకాయ కలిపేది బనియన్లు వేసుకున్న నలుగురు మగాళ్లు. లేబుల్ మీద మాత్రం పట్టుచీర బామ్మ కావాలన్నారు, లేకపోతే కొనరట. చేశాను, ఏం చేస్తాం.

కృష్ణలంక: అంతా సినిమా వాళ్ల మీదికే తోస్తున్నారు. ఆ రౌడీ బిల్డప్ మనకిష్టం లేదా? బెంజిసర్కిల్ గారూ, నిజం చెప్పండి, మీ బండి వెనక స్టిక్కర్ ఏముంది?

బెంజిసర్కిల్: "బెజవాడోడితో జాగ్రత్త". మా తమ్ముడు అతికించాడండీ, ఒట్టు.