పీసీ-88 ఆటల సంగీతం: ఒకే బాణీ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు వినిపిస్తోంది?

ప్రశ్న:
జపాన్ సంస్థ ఎన్‌ఈసీ వారి 1980ల నాటి కంప్యూటరు పీసీ-8801 (పొట్టిగా పీసీ-88) కోసం వచ్చిన ఒక పాత రోల్‌ప్లేయింగ్ ఆట సంగీతాన్ని ఎమ్యులేటరులో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో) విని, ఆ తరువాత అసలు యంత్రం నుంచి చేసిన రికార్డింగుతో పోల్చి చూశాను. స్వరాల్లో గానీ వేగంలో గానీ తేడా లేదు. అయితే పైన నడిచే కీచు శబ్దం ఎమ్యులేటరులో చెవిలో గుచ్చుకునేటంత బిగ్గరగా ఉంది, రికార్డింగులో మాత్రం వెనక్కి తగ్గి ఒదిగిపోయింది. ఇది ఎమ్యులేటరు లోపమా, లేక నేను సౌండ్ బోర్డ్ 2 (మెరుగైన శబ్ద చిప్ గల బోర్డు) ఉన్న నమూనాను ఎంచుకోకపోవడం వల్ల వచ్చిన తేడానా?

మొదటి జవాబు:
స్వరాలు సరిగ్గా ఉండి బిగ్గరతనం మాత్రమే మారిందంటే చిప్‌ను కాదు, దాని చుట్టూ ఉన్న బోర్డును అనుమానించాలి. మీరు చెప్పిన కీచు శబ్దం బహుశా యమహా వైఎం2203 శబ్ద చిప్‌లో సరళమైన శబ్దాలను పుట్టించే ఎస్ఎస్‌జీ భాగానిది. 1985లో వచ్చిన పీసీ-8801ఎంకే2 ఎస్ఆర్‌లో ఈ చిప్‌ను యంత్రంలోనే అమర్చి ఇచ్చారు; అంతకుముందరి నమూనాల్లో బీప్‌ను మించి చెప్పుకోదగినదేమీ ఉండేది కాదు. ఇందులో మూడు ఎఫ్ఎం ఛానళ్లు (ఒక తరంగంతో మరో తరంగాన్ని మార్చి స్వరం పుట్టించేవి), చతురస్ర తరంగాలను పలికించే మూడు ఎస్ఎస్‌జీ ఛానళ్లు ఉన్నాయి. ఒకే చిప్‌లో కాపురమున్నా వీటి దారులు వేరు. ఎఫ్ఎం భాగం అంకెల రూపంలో బయటికి వచ్చి, పక్కనున్న మరో చిప్‌లో అనలాగ్ సంకేతంగా మారుతుంది. ఎస్ఎస్‌జీ భాగం మూడు పిన్‌ల మీదుగా అనలాగ్ రూపంలోనే వస్తుంది. ఈ రెంటినీ కలిపేది బోర్డు మీది రెసిస్టర్లూ యాంప్లిఫయరూ కనుక, వాటి పాళ్లు ఒక యంత్రానికీ మరో యంత్రానికీ మారవచ్చు. చిప్‌కు అందిన ఆదేశాలను నమోదు చేసే ఎస్98 వంటి లాగ్ ఫైళ్లలోనూ ఇదే చిక్కు: ఏ క్షణంలో ఏ రిజిస్టరులో (చిప్‌లో అమరికలు రాసే గడిలో) ఏ విలువ రాశారన్నది వాటిలో ఉంటుంది గానీ, రెసిస్టర్ల సంగతి ఉండదు. ఎమ్యులేటరులో ఎఫ్ఎం, ఎస్ఎస్‌జీ శబ్దాలకు వేర్వేరు అమరికలు ఉంటే, రికార్డింగును పక్కన పెట్టుకుని ఎస్ఎస్‌జీని తగ్గించి చూడండి.

రెండవ జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూ, సౌండ్ బోర్డ్ 2 గురించి మాత్రం చెబుతాను. అందులోని వైఎం2608 చిప్‌కు ఆరు ఎఫ్ఎం ఛానళ్లు, మూడు ఎస్ఎస్‌జీ ఛానళ్లు, చిప్‌లోనే భద్రపరచిన ఆరు తాళ వాద్యాల శబ్దాలు, రికార్డు చేసిన శబ్దాన్ని కుదించిన రూపం నుంచి వినిపించే ఒక ఏడీపీసీఎం ఛానలు, పైగా స్టీరియో కూడా ఉన్నాయి. 1987 నాటి పీసీ-8801 ఎఫ్ఏ, ఎంఏ నమూనాల్లో ఇది ముందే అమర్చి వచ్చేది. అయితే వైఎం2203ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన ఆట ఈ చిప్ మీద కూడా మూడు ఎఫ్ఎం ఛానళ్లనే వాడుకుంటుంది. కొత్త చిప్ ఉన్నంత మాత్రాన డ్రమ్ములు వాటంతటవే వచ్చి చేరవు. కొత్త చిప్‌ను ఉద్దేశించి రాసిన సంగీతం వినాలంటే, కొషిరో యూజో స్వరపరచిన ‘ద స్కీమ్’ (1988) ఆట మంచి ఉదాహరణ. ఆయనకు ఈ యంత్రం మీద ఎంత పట్టు కుదిరిందంటే, 1991లో సెగా వారి ఆటల యంత్రం మెగా డ్రైవ్ కోసం వచ్చిన ‘స్ట్రీట్స్ ఆఫ్ రేజ్’ సంగీతాన్ని కూడా పీసీ-88 మీదే, తాను మార్చుకున్న సంగీత భాషలో (స్వరాలను అక్షరాలుగా టైపు చేసే ప్రోగ్రామింగ్ భాషలో) రాశారు. మెగా డ్రైవ్‌లోని వైఎం2612 కూడా ఈ కుటుంబపు చిప్పే కాబట్టి అది మరీ వింతేమీ కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎస్ఎస్‌జీని సగానికి తగ్గించగానే రెండూ దాదాపు ఒకటిగా వినిపించాయి. అదే ఆట షార్ప్ వారి కంప్యూటరు ఎక్స్68000 రూపంలో మాత్రం ఆ కీచు శబ్దం అసలే లేదు. అక్కడ కూడా బోర్డే కారణమా?

మూడవ జవాబు:
అక్కడ కారణం చిప్పే. 1987లో వచ్చిన ఎక్స్68000లో ఎనిమిది ఎఫ్ఎం ఛానళ్ల వైఎం2151, ఒక ఛానలు ఏడీపీసీఎం చిప్ ఉన్నాయి, ఎస్ఎస్‌జీ లేదు. కాబట్టి పీసీ-88లో ఎస్ఎస్‌జీ మోసిన వరుసలను ఎఫ్ఎం స్వరాలుగా తిరిగి రాయాలి, లేదా వదిలేయాలి. రెండు చిప్‌లలోనూ ఒక్కో ఎఫ్ఎం స్వరానికి నాలుగు ఆపరేటర్లు (స్వరాన్ని కలిసి తయారుచేసే తరంగ జనకాలు) ఉండటం వల్ల వాద్యాల అమరికలను చాలావరకు అలాగే తెచ్చుకోవచ్చు గానీ, శ్రుతిని చెప్పే పద్ధతి వేరు: వైఎం2203 పౌనఃపున్యపు సంఖ్యను అడుగుతుంది, వైఎం2151 స్వరం పేరుకు సమానమైన కోడ్‌ను అడుగుతుంది. అందువల్ల శ్రుతిని కొద్దికొద్దిగా జార్చే గమకాల వంటి చోట్ల ప్రోగ్రామును మళ్లీ రాసుకోవలసి వచ్చేది. మీరు అక్కడ విన్నది నిజానికి మరొకరు చేసిన కొత్త కూర్పు. దాన్ని పీసీ-88 రికార్డింగుతో సరిపోల్చి ఎమ్యులేటరును సవరించబోకండి.