సీసా బట్టీలోంచి బాగానే వచ్చింది, కాఫీ తాగేలోపల పగిలింది. తప్పు ఎక్కడ?

కొర్లగుంట, తిరుపతి:
అన్నలూ అక్కలూ, రిటైరైనాక చేతులు ఊరికే ఉండలేక ఖాళీ సీసాల్ని బట్టీలో కరిగించి చదును పళ్లేలు చేసేది నేర్చుకుంటా ఉండాను. బెంగళూరులో ఒకాయన మట్టిబొమ్మలకి వాడి అమ్మేసిన పాత కరెంటు బట్టీ నాది. మొదట పెట్టిన బీరు సీసా ఏదో అదృష్టం కొద్దీ బాగానే వచ్చింది. ఇంట్లో ఎవరూ దాంట్లో తినం అన్నారు, అది వేరే సంగతి.

రెండోది తిరుమల కొండమీద కొన్న నీళ్ల సీసా. ప్లాస్టిక్ తీసేసినాక గాజు సీసాల్లోనే కదా అమ్మేది. తిరిగిచ్చి డిపాజిట్ తీసుకోకుండా సంచిలో వేసుకొచ్చినానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తానే ఉంది. రెండు గంటల్లో 790 డిగ్రీలకి ఎక్కించి, 20 నిమిషాలు ఉంచి, స్విచ్ ఆపి పడుకున్నా. తెల్లారి 5కి మీటరు 180 చూపిస్తా ఉంది. ఆగలేక తలుపు తీసేసినా. సీసా చక్కగా చపాతీలా పడుకోనుంది. కాఫీ పెట్టుకుంటా ఉంటే వెనకనించి 'టిక్' మని ఒక్కటే చప్పుడు. అడుగుభాగం పక్కకి ఊడొచ్చింది. లేబులు ఉన్నచోట గంజి ఎండినట్టు తెల్లపొర. రుద్దినా పోదు. నేను చేసిన తప్పేందో చెప్పండి.

పలమనేరు, మట్టిపని:
అయ్యా, విరిగిన అంచు మీద వేలు పెట్టి చూడండి, మెల్లగా. అంచు గుండ్రంగా కరిగి ఉంటే ఎక్కేటప్పుడు పగిలినట్టు, కత్తిలా ఉంటే దిగేటప్పుడు. నా పని మట్టితో. మా కుండలు కాల్చే ఆముని కూడా చల్లారక ముందే తెరిస్తే 'టిక్' మంటుంది. గాజు ఇంకా గారాబం పిల్ల.

కొర్లగుంట:
మెల్లగా అని మీరు చెప్పేలోపలే చూసినా సామీ, వేలికి గుడ్డ కట్టుకోనుండా. కత్తే.

చిత్తూరు:
అయితే రోగం తెలిసినట్టే అన్నా. 790 నుంచి నేరుగా స్విచ్ ఆపేసినారు, అదీ తప్పు. సీసా గాజుకి 540, 550 దగ్గర ఒక గంట నిలపాలి. అనీలింగ్ అంటారు దీన్ని. పైభాగం చల్లబడి లోపల వేడిగా ఉంటే ఆ బిగువు గాజులోనే ఉండిపోతుంది. మీ సీసా అడుగు మెడకంటే చాలా మందం కదా, అది వెనకబడింది, అందుకే అక్కడే ఊడింది. గంట తర్వాత 370 దాకా గంటకి 60 డిగ్రీల చొప్పున దించండి, అప్పుడు ఆపేయండి. తలుపు మాత్రం 50 కిందికి వచ్చేవరకు ముట్టొద్దు. కళ్లు మూసుకోని ఉండాల్సిందే. నేనైతే తాళం వేసి మా అత్తకి ఇచ్చేస్తా.

ఎక్కించేటప్పుడూ 550 దాకా గంటకి 150 చాలు, రెండు గంటల్లో 790 అంటే తొందర. అక్కడినుంచి పైకి మాత్రం వేగంగా పోవచ్చు, 700 పైన ఎక్కువసేపు నిలిస్తేనే ఆ తెల్లపొర వస్తుంది. గాజు పైభాగం స్ఫటికంలా మారిపోవడమే అది. జిగురు, వేలిముద్రలు, ఉప్పు మిగిలి ఉన్నచోట ముందు మొదలవుతుంది. ఏ నీళ్లతో కడిగినారు?

కొర్లగుంట:
బోరు నీళ్లే. మా ఇంట్లో బకెట్ అడుగున తెల్లగా అట్టు కడుతుంది.

చిత్తూరు:
అది కూడా గాజు మీద ఉండిపోయింటుంది. లేబులు నానబెట్టి గీకి, జిగురు పూర్తిగా తీసి, చివర ఆర్వో నీళ్లతో కడిగి, బట్టతో తుడిచి, ఇక చేత్తో పట్టుకోకుండా పెట్టండి. బట్టీలో సీసా పెట్టే షెల్ఫ్ మీద చైనా క్లే అనే తెల్లమట్టి, అల్యూమినా పొడి కలిపిన పూత వేసినారా? లేకుంటే గాజు అంటుకుంటే ఇక విడిపోదు. పూత పూర్తిగా ఆరినాకే సీసా పెట్టాలి, మూత తీసేసి.

శ్రీకాళహస్తి:
మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. గోలీసోడా సీసా చదును చేస్తే గోలీ దాంట్లోనే అతుక్కోని బాగుంటుందా?

చిత్తూరు:
కంటికి బాగుంటుంది తమ్ముడూ, కానీ గోలీ గాజు, సీసా గాజు ఒకే రకమో కాదో ఎవరికి తెలుసు? ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి ముడుచుకుంటే నెల తర్వాతైనా చీలుతుంది. పైగా ఆ సీసా మందం చాలా ఎక్కువ, నిదానంగా దించాలి. రెండు వేరు వేరు సీసాలు కలిపి అతికేది కూడా ఇంతే.

కొర్లగుంట:
నిన్న ఇంకో సీసా పెట్టినా. 550 దగ్గర గంట ఉంచేలోపల కరెంటు పోయింది, పావుగంటకే వచ్చింది. తలుపు ముట్టలేదు, మీటరు 468కి దిగింది. మళ్లీ 550కి మెల్లగా ఎక్కించి గంట నిలిపినా. ఇప్పుడు 112. తాళం మా ఆవిడ దగ్గర ఉంది.