రెండు రెక్కల తలుపు కింద కలవడం లేదు, ఫ్రేమ్ జరపాలా బందులు జరపాలా?

పాత ఇల్లు, ఇటుక గోడ. రెండు గదుల మధ్య ఖాళీగా ఉన్న గుమ్మానికి కొత్త చెక్క ఫ్రేమ్ పెట్టి రెండు రెక్కల తలుపు బిగిస్తున్నాను. గుమ్మం వెడల్పు పైన 128 సెం.మీ., కింద 126.5. ఒక్కో రెక్క 60 సెం.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం, మూడేసి బందులు.

మూసినప్పుడు రెక్కలు పైన చక్కగా కలుస్తున్నాయి. కిందికొచ్చేసరికి కుడి రెక్క 9 మి.మీ. ముందుకు పొడుచుకొస్తోంది. మధ్య సందు మాత్రం పైనుంచి కిందిదాకా సమానంగా 3 మి.మీ. ఉంది, అదే చిరాకు. ఫ్రేమ్ ఐమూల కొలతలు రెండూ సమానమే. మూల నుంచి మూలకు రెండు దారాలు కడితే మధ్యలో తాకకుండా 4-5 మి.మీ. ఎడం వస్తోంది, అంటే ఫ్రేమ్ మెలితిరిగి ఉంది. తూకం గుండు వేలాడదీస్తే, ముందూ వెనకా దిశలో ఎడమ గోడ ఒకవైపుకి, కుడి గోడ దానికి ఎదురువైపుకి వాలి ఉన్నట్టు తేలింది. ఫ్రేమ్ నిలువు చెక్కలు ఆ గోడల వాలునే పట్టుకున్నాయి.

కింది బందు వెనక అట్ట ముక్క పెట్టి చూశాను. మధ్య సందు మారింది తప్ప ముందూ వెనకా తేడా పోలేదు. పొడవాటి స్క్రూతో కుడి చెక్కను లాగి బిగిస్తే ఆ రెక్క నేలకు రాసుకుంటోంది, అందుకే మళ్లీ వదులు చేశాను. ఫ్రేమ్ చుట్టూ పూత ఇంకా పెట్టలేదు, కాబట్టి కదిలించే వీలుంది.

రెండు నిలువు చెక్కల అడుగులనూ చెరో 4.5 మి.మీ. ఎదురెదురు దిశల్లో జరిపి, గోడ దగ్గర వచ్చే తేడాను బీడింగ్‌తో కప్పేయాలా, లేక ఫ్రేమ్‌ను ఇలాగే ఉంచి బందులు కూర్చునే గాళ్లు మళ్లీ చెక్కుకోవాలా?