బల్లి పాదం: పట్టు సరే, విడుపు సంగతేమిటి?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం), ప్రశ్న

అందరికీ నమస్కారం. తొలకరి పడిన మరునాటి నుంచి మా వరండా దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటున్నాయి, వాటి కోసం నాలుగైదు బల్లులు కిటికీ అద్దం మీదికి చేరుతున్నాయి. ఇంటి లోపలి నుంచి చూస్తే వాటి అరికాళ్లు స్పష్టంగా కనబడతాయి. ప్రతి వేలి కింద అడ్డంగా, రెండు వరుసలుగా, తెల్లటి మడతలు ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వాటిని చూస్తూ, "నాన్నా, బొట్టుబిళ్లను అద్దానికి నాలుగుసార్లు అంటించి తీస్తే జిగురు పోతుంది కదా, బల్లి రాత్రంతా కాళ్లు అంటిస్తూ తీస్తూ ఉన్నా ఎందుకు పోదు?" అని అడిగింది. సక్షన్ కప్పు లాంటిదేదో ఉంటుందని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆ తరువాత చదివితే అది తప్పని, జిగురు కూడా లేదని, కంటికి కనిపించని వెంట్రుకల వల్లే ఆ పట్టు వస్తుందని తెలిసింది.

ఇప్పుడు నాకు రెండు సందేహాలు మిగిలాయి. జీవ పరిణామం కొద్దికొద్దిగా జరుగుతుందంటారు. అలాగైతే మొదట్లో సగం పట్టు మాత్రమే ఉన్న బల్లికి దానివల్ల ఏం ఒరిగింది? గోడ సగం ఎక్కి కింద పడే బల్లి కంటే అసలు ఎక్కని బల్లే నయం కదా. రెండోది, ఈ రహస్యం తెలిసి ఇన్నేళ్లయినా బల్లి పాదం లాంటి టేపు మన కిరాణా కొట్టులోకి ఎందుకు రాలేదు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

పాతపాఠాలు (హనుమకొండ)

నేను జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మీ రెండు ప్రశ్నల కంటే మీ అమ్మాయి ప్రశ్నే లోతైనదని నాకు తోచింది, ఎందుకంటే బల్లి అంటుకోవడం కంటే ఊడిరావడమే ఎక్కువ ఆశ్చర్యకరమైన విషయం. మనం మాటవరసకు వాడే "పట్టూ విడుపూ" అన్న జంటపదం ఈ పాదానికి అక్షరాలా సరిపోతుంది.

ముందు పట్టు గురించి క్లుప్తంగా చెబుతాను. గాలి తీసేసిన పాత్రలో కూడా బల్లి పాదం పట్టు వదలలేదని 1930లలోనే పరీక్షించి చూశారు కాబట్టి సక్షన్ వాదం అప్పుడే వీగిపోయింది. బల్లి వేళ్లలో జిగురు స్రవించే గ్రంథులు లేవు. ఆగ్నేయాసియాలోనూ మన ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉండే టోకే అనే పెద్ద బల్లి మీద ఎక్కువ పరిశోధన జరిగింది; దాని పాదాల కింద సుమారు 65 లక్షల సన్నని కేశాలు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదోవంతు పొడవుండి, చివర వందలాది కొసలుగా చీలుతుంది. ప్రతి కొస చదునుగా, మిల్లీమీటరులో ఐదువేలవ వంతు వెడల్పుతో ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఈ కొసకు పెట్టిన పేరును తెలుగు చేస్తే అట్లకాడ అవుతుంది, ఆకారం కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఇంత చిన్న అట్లకాడలు గోడకు అత్యంత సమీపంగా ఆనినప్పుడు అణువుల మధ్య పుట్టే వాండర్ వాల్స్ ఆకర్షణ ఒక్కొక్కటిగా స్వల్పమే అయినా, లక్షల కొసలు కలిసేసరికి అది గట్టి పట్టవుతుంది. 2000లో అమెరికా జీవశాస్త్రవేత్త కెలర్ ఆటమ్ బృందం ఒకే ఒక్క కేశాన్ని విడదీసి దాని బలాన్ని కొలిచింది. అది సుమారు 20 మిల్లీగ్రాముల బరువును, అంటే ఒక చీమను, మోయగలదు. నీటిని ఇష్టపడే ఉపరితలం మీదా, నీటిని వికర్షించే ఉపరితలం మీదా పాదం ఒకేలా అంటుకుందని 2002లో అదే బృందం చూపింది. తేమ వల్లనే అంటుకుంటుందన్న వాదానికి అది గట్టి దెబ్బ, అయితే గాలిలోని తేమ ఈ పట్టును కొంత పెంచుతుందని తరువాత జరిగిన ప్రయోగాలు చూపాయి.

ఇక విడుపు. ఈ కేశం ఊరకే ఆనిస్తే అంటుకోదు. దాన్ని స్వల్పంగా నొక్కి, కొన్ని మైక్రోమీటర్ల మేర వెనక్కి లాగితేనే కొసలన్నీ సరైన దిశలో పడి పట్టు దొరుకుతుంది. అదే కేశాన్ని గోడతో సుమారు 30 డిగ్రీల కోణం దాటేలా లేపితే దానంతటదే వదులుతుంది. బొట్టుబిళ్ల జిగురు తనకు తగిలిన ప్రతిదానికీ, దుమ్ముతో సహా, ఎప్పుడూ అంటుకునే వస్తువు కాబట్టి త్వరగా నిండిపోతుంది. బల్లి కేశం మామూలు స్థితిలో అంటుకోనిది, లాగినప్పుడు మాత్రమే అంటుకునేది. దానికి చేరిన దుమ్ము రేణువులు కేశాల కంటే గోడనే ఎక్కువగా అంటిపెట్టుకుంటాయి కాబట్టి, మురికి పట్టిన పాదం కొన్ని అడుగులు వేసేసరికి చాలావరకు శుభ్రపడుతుందని 2005లో నిరూపించారు. మీ అమ్మాయికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

సగం పట్టు విషయానికి వద్దాం. నేటి పాదాన్ని గమ్యంగా ఊహించుకుని వెనక్కి చూడటం వల్ల "సగం" అన్న మాట వస్తోంది. తొలినాటి బల్లి ముందు గాజు అద్దం లేదు; దాని ముందున్నవి నున్నటి ఆకులు, బెరడు, రాళ్లు. గోళ్లతోనే ఎక్కే జంతువుకు ఆకు మీద జారుడు కాస్త తగ్గినా లాభమే. బల్లుల చర్మం మీద, కుబుసం విడవడంలో తోడ్పడే అతి సూక్ష్మమైన ముళ్లు సహజంగానే ఉంటాయి; వేలి కింద ఆ ముళ్లు పొడవై, చీలి, కేశాలుగా మారాయని ఎక్కువమంది భావిస్తున్నారు. ఈ మార్పులో నడిమి దశ ఎలా ఉంటుందో చూపే జీవి నేటికీ ఉంది. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో నివసించే గోనటోడిస్ హ్యూమరాలిస్ అనే చిన్న బల్లికి వెడల్పాటి మడతలేమీ లేవు, పైకి చూస్తే మామూలు వేళ్లే. కానీ వేలి కింద ఒకచోట చిన్న చిన్న కేశాలు ఉన్నాయి, వాటితోనే అది దగ్గరి బంధువులైన ఇతర జాతులు నిలవలేని నున్నటి ఉపరితలాలపై నిలవగలుగుతుంది. ఆ బల్లికి తనది సగం పట్టని తెలియదు!

ఇంకొక మాట. ఇది ఒకసారి జరిగి ఊరుకున్న అద్భుతం కాదు. 2012లో బల్లుల వంశవృక్షాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం, అంటుకునే పాదాలు విడివిడిగా 11 సార్లు ఏర్పడ్డాయని, 9 సార్లు పోయాయని అంచనా వేసింది. నమీబ్ ఎడారి ఇసుకలో తిరిగే ఒక జాతి బల్లికి పాదాల మడతలు అంతరించి, ఇసుక తవ్వడానికి బాతుకున్నట్లు వేళ్ల మధ్య చర్మం ఏర్పడింది. అమెరికా ఖండాల్లోని అనోల్ తొండల్లోనూ, కొన్ని నలికండ్ల పాములలోనూ ఇలాంటి పాదాలు స్వతంత్రంగా వచ్చాయి. పరిస్థితి కోరితే ప్రకృతి వరణం నిలబెడుతుంది, కోరకపోతే వదిలేస్తుంది.

నట్టూబోల్టూ (హైదరాబాద్)

పాతపాఠాలు గారు జీవశాస్త్రం వైపు చెప్పారు కాబట్టి, యంత్రాల రూపకల్పనలో పనిచేసేవాడిగా నేను రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను. టేపు రాలేదన్నది పూర్తిగా నిజం కాదు, అనుకున్న రూపంలో రాలేదు.

మొదట అందరూ వెంట్రుకలనే అనుకరించారు. 2003లో మాంచెస్టర్‌లో భౌతికశాస్త్రవేత్త ఆండ్రే గైమ్ బృందం పాలిఇమైడ్ ప్లాస్టిక్‌తో సూక్ష్మ కేశాల టేపు తయారుచేసి, అర చదరపు సెంటీమీటరు ముక్కతో ఒక స్పైడర్‌మ్యాన్ బొమ్మను గాజుకు వేలాడదీసింది. (ఆ మరుసటి ఏడాదే గైమ్ మామూలు అంటుకునే టేపుతో గ్రాఫైట్ పొరలను ఒలిచి గ్రాఫీన్ అనే ఒకే పరమాణువు మందపు కార్బన్ పొరను వేరుచేశారు, దానికి సంబంధించిన ప్రయోగాలకే 2010లో నోబెల్ బహుమతి వచ్చింది, టేపుతో ఆయనకు ఏదో రుణానుబంధం ఉన్నట్లుంది.) అయితే కొన్నిసార్లు అంటించి తీసేసరికి ఆ కేశాలు తడిసిన జుట్టులా ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాయి. మెత్తటి పదార్థంతో చేస్తే అతుక్కుంటాయి, గట్టి పదార్థంతో చేస్తే గోడకు సరిగా ఆనవు. బల్లి ఈ చిక్కును, మన గోళ్లలోనూ ఉండే గట్టి కెరాటిన్ అనే పదార్థాన్ని అతి సన్నగా, వాలుగా, కొసల దగ్గర చీల్చి పరిష్కరించుకుంది. దాన్ని కారుచౌకగా, చదరపు మీటర్ల లెక్కన తయారుచేయడం నేటికీ కష్టమే.

నా దృష్టిలో అసలు మలుపు, వెంట్రుకలను పక్కనబెట్టినప్పుడు వచ్చింది. 2012లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో అల్ఫ్రెడ్ క్రాస్బీ, డంకన్ ఇర్షిక్ బృందం తయారుచేసిన గెక్‌స్కిన్ అనే పదార్థంలో కేశాలే లేవు. బల్లి పాదంలో స్నాయువు నేరుగా చర్మంలోకి అల్లుకుపోయి ఉండటం చూసి, వాళ్లు మెత్తటి పలుచని పొరను సాగని గట్టి బట్టలోకి నేశారు. పొర గోడ ఆకారానికి ఒదిగిపోతుంది, బట్ట లాగినప్పుడు సాగకుండా బరువును అంతటా సమంగా పంచుతుంది. పోస్టుకార్డు కంటే కాస్త చిన్న ముక్క నున్నటి గాజు మీద 300 కిలోల పైచిలుకు బరువును నిలిపింది, ఒక అంచు నుంచి లేపితే సునాయాసంగా ఊడివచ్చింది. చూసినదాన్ని ఉన్నదున్నట్లు దించకుండా, అందులో పనిచేస్తున్నదేమిటో పట్టుకోవడం అంటే నాకు ఇదే.

ఇక కిరాణా కొట్టు సంగతి. మన గోడలకు సున్నం, డిస్టెంపర్ వేస్తాం, గీకితే పొడి రాలుతుంది; జిగురు లేని ఇలాంటి ఏ టేపైనా ఆ పొడినే పట్టుకుంటుంది గాని గోడను పట్టుకోదు. పది రూపాయల జిగురుతో జరిగే పనికి ఇంత ఖరీదైన పదార్థాన్ని ఎవరూ కొనరు. అందుకే ఈ పరిశోధన, జిగురు పనికిరాని చోట్లకు వెళ్లింది. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి సక్షన్ పనిచేయదు, తీవ్రమైన చలికి జిగురు గట్టిపడుతుంది. అక్కడ పాడైన ఉపగ్రహాలను, శకలాలను మెల్లగా పట్టుకుని వదలగల రోబో చేతుల కోసం నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి ఇలాంటి పదార్థాన్ని భారరహిత స్థితిలో పరీక్షించాయి. అక్కడ కూడా పట్టుకంటే విడుపే ముఖ్యం. వదిలేటప్పుడు చిన్న కుదుపు ఇచ్చినా పట్టుకున్న వస్తువు దూరంగా తేలిపోతుంది.

సందేహజీవి (కర్నూలు)

చర్చ చాలా బాగుంది, కానీ ఇలాంటి విషయాలు మాట్లాడేటప్పుడు "ప్రకృతిని మించిన ఇంజినీరు లేడు" అనే ధోరణిలోకి జారిపోతామేమో అని నా భయం. తెలుగులో గట్టి పట్టుకు ఉడుము పట్టు అంటాం, బల్లి పట్టు అనం. ఉడుముది గోళ్ల పట్టు. రాతి సందులో గోరు దిగితే దాన్ని పెకలించడం కష్టం, నున్నటి అద్దం మీద మాత్రం అది ఒక్క అడుగు వేయలేదు. మా ఇంటి పెరట్లోని తొండదీ అదే పరిస్థితి, మొరటు గోడ ఎక్కుతుంది గాని టైల్స్ మీద జారుతుంది. బల్లికీ పరిమితులున్నాయి. పాదాలు నానితే తడి గాజు మీద జారుతుంది, నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాన్ పొడిగా ఉంటే దాని మీద నిలవలేదు.

అన్నిటికంటే పెద్ద పరిమితి పరిమాణం. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు మైట్లు అనే అతి చిన్న పురుగుల నుంచి బల్లుల వరకు 225 జాతులను పోల్చి చూశారు. జంతువు పెద్దదయ్యే కొద్దీ బరువు ఘనపరిమాణంతో పాటు పెరుగుతుంది, చర్మ వైశాల్యం అంత వేగంగా పెరగదు, కాబట్టి అంటుకునే పాదాల వాటా విపరీతంగా పెరగాల్సి వస్తుంది. ఆ లెక్కన మనిషి బల్లిలా గోడెక్కాలంటే శరీర ఉపరితలంలో 40 శాతం అంటుకునే పొరే ఉండాలి, చెప్పుల కొలత యూరప్ లెక్కలో 145 ఉండాలి. బల్లిని మించిన బరువైన జంతువేదీ ఈ పద్ధతిని ఎంచుకోకపోవడానికి కారణం ఇదేనని వారి వాదన. మరి 70 కిలోల మనిషి గాజు గోడ ఎక్కాడని ఎక్కడో చదివాను, అది ఎలా సాధ్యమైంది?

నట్టూబోల్టూ (హైదరాబాద్)

సందేహజీవి గారి ప్రశ్న న్యాయమైనదే. అది 2014లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. ఒక్కో చేతికి 140 చదరపు సెంటీమీటర్ల అంటుకునే పొరతో ఒక విద్యార్థి సుమారు 3.6 మీటర్ల నిలువు గాజు గోడను ఎక్కాడు. పొరను పెద్దది చేసేకొద్దీ బరువు ఒక మూలన పడి అక్కడ మొదట ఊడటం, తరువాత ఆ ఊడుడు వరుసగా వ్యాపించడం మామూలు సమస్య. అందుకని వాళ్లు ఆ పొరను 24 పలకలుగా విడగొట్టి, ఒక్కోదాని వెనుక ప్రత్యేకమైన స్ప్రింగు పెట్టారు. ఆ స్ప్రింగు ఎక్కువ సాగిన పలకకూ తక్కువ సాగిన పలకకూ దాదాపు ఒకే బరువును పంచుతుంది. బల్లి పాదంలో అలాంటి స్ప్రింగు లేదు. కాబట్టి ప్రకృతిని మించిన ఇంజినీరు లేడనే మాట నేనూ అనను, కాకపోతే ఈ ఇంజినీర్లు మొదలుపెట్టింది మాత్రం ప్రకృతి పుస్తకంతోనే.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మాయితో కలిసి మళ్లీ అద్దం దగ్గర కూర్చున్నాను. ఒక బల్లి తల కిందికి పెట్టి దిగుతున్నప్పుడు దాని వెనుక కాళ్ల వేళ్లు పూర్తిగా వెనక్కి, అంటే పైకప్పు వైపు తిరిగి ఉండటం గమనించాం. ఎక్కేటప్పుడు అలా లేవు. ఇది కూడా ఈ పట్టుకు సంబంధించినదేనా?

పాతపాఠాలు (హనుమకొండ)

అవునండీ, చక్కగా పట్టుకున్నారు. కేశాలన్నీ ఒకే దిశలో వాలి ఉంటాయి, పాదాన్ని మడమ వైపు లాగినప్పుడే వాటికి పట్టు. తలకిందులుగా దిగేటప్పుడు బరువు వేళ్ల కొసల వైపు లాగుతుంది, అది కేశాలకు వ్యతిరేక దిశ; వెనుక పాదాన్ని తిప్పితే లాగుడు మళ్లీ మడమ వైపుకు వస్తుంది. ఈసారి కూర్చున్నప్పుడు, బల్లి అడుగు తీసే క్షణంలో వేలి కొసను గమనించండి. మన పాదంలా మడమ ముందు లేవదు. కొస మొదట పైకి చుట్టుకుని, మడతలు ఒకదాని వెనుక ఒకటిగా అద్దాన్ని వదులుతాయి. చాలా వేగంగా జరిగిపోతుంది కాబట్టి ఫోనులో స్లో మోషన్ పెట్టి తీయండి, ఉసిళ్లు వచ్చే రోజులు ఎక్కువ ఉండవు.