ప్రిన్స్ ఆల్బర్ట్ బర్లీ: రుచి చప్పన, నాలుక మంట

ప్రశ్న: కార్న్‌కాబ్ (మొక్కజొన్న కండెతో చేసిన) పైపులో ప్రిన్స్ ఆల్బర్ట్ అనే బర్లీ రకం పొగాకు కాలుస్తున్నా. సగం దాకా రుచే తెలియదు, ఆపైన నాలుక చురుక్కుమంటుంది. తప్పు పొగాకుదా, పద్ధతిదా?

జవాబు: పద్ధతిదేనండి. బర్లీని నీడన గాలికి ఆరబెడతారు, చక్కెర దాదాపు మిగలదు. చక్కెర ఎక్కువుండే వర్జీనియా రకం పొగాకు తీపి ఇందులో వెతక్కండి. పొగది క్షారగుణం, గబగబా పీలిస్తే మండుతుంది. గిన్నె (పైపులో పొగాకు నింపే భాగం) చేతికి వెచ్చగా తగలాలి గానీ కాలకూడదు.

జవాబు: నింపడం కూడా చూడండి. మూడు విడతలు: మొదటిది వదులుగా జారవిడవాలి, రెండోది మెత్తగా అదమాలి, మూడోది కాస్త గట్టిగా. వెలిగించకుండా పీలిస్తే గాలి స్ట్రాలో వచ్చినంత తేలిగ్గా రావాలి. ఒకసారి వెలిగించాక ఉబ్బిన పైపొరను టాంపర్‌తో (పొగాకు అదిమే చిన్న పనిముట్టు) అణచి మళ్లీ వెలిగించండి. నింపే ముందు తడి కూడా చూడండి: చిటికెడు పొగాకు నొక్కి వదిలితే నెమ్మదిగా విడిపోవాలి. ఉండ కట్టిందా, తడి ఎక్కువ: పావుగంట కాగితం మీద ఆరనివ్వండి. కరకరలాడిందా, వేడిగా కాలిపోతుంది.

జవాబు: తీర్పు ఒక్క గిన్నెతో వద్దు. సెంటు పొగాకు కాల్చిన పైపులో అసలే వద్దు, ఆ పాత వాసనే వస్తుంది. వేయించిన పల్లీ, కోకో రుచులు పొగను కొద్దిగా ముక్కులోంచి వదిలితేనే పట్టుబడతాయి. పొగాకును మైల్డ్ (తేలిక) అంటే ఆ మాట రుచికే, నోటి క్యాన్సర్ ముప్పుకు కాదు. ఎక్కిళ్లు వచ్చాయంటే నికోటిన్ ఎక్కువై ఉండొచ్చు, పైపు పక్కన పెట్టేయండి.