బాక్‌స్టర్ ఇంజన్ ఇంట్లో దించొచ్చా, వద్దా?

అనంత_గాలి:
అన్నలూ, నాది అనంతపురం. 2007 పోర్షే బాక్‌స్టర్, 2.7 లీటర్ల ఇంజన్, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ముందు బంపర్ లోపల రేడియేటర్ల సందుల్లో ఎండాకులు గూడు కట్టుకోని ఉండాయి. అవి తీయకుండానే పాత ఓనరు ఎండాకాలమంతా తిప్పినట్టుండాడు. ఇప్పుడు ఆయిల్ మూత తెరిస్తే మజ్జిగ మాదిరి తెల్లటి నురగ, ఆయిల్లో కూలెంట్ నీళ్లు కలిసినట్టుండాది. హెడ్లు (సిలిండర్ల మీది మూతలు) తీయాల, అంటే ఇంజన్ దిగాల్సిందే. బెంగళూరు 200 కిలోమీటర్ల పైనే. మా షెడ్డులో నేనూ మా బామ్మర్దీ దించేద్దామని. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి, ఊరికే భయపెట్టొద్దండి.

బురుజు_కర్నూలు:
వద్దు. అంత బండి కొన్నవాడికి రిపేరు దగ్గర పిసినారితనం ఎందుకు?

బోరు_మోటరు:
దీనికింత ఆలోచనెందుకప్పా. బోర్లో మోటరు లాగే మూడు కాళ్ల స్టాండూ, చైన్ బ్లాకూ మా ఇంట్లోనే ఉండాయి. 600 అడుగుల పైపులతో సహా మోటరు పైకి తెచ్చినోళ్లం, ఇదొక లెక్కా? ఆదివారం తెస్తా.

కడప_స్పానర్:
అన్నా, ఆ చైన్ బ్లాకు కాసేపు పక్కన పెట్టు. ఇదేమన్నా అంబాసిడరా, బానెట్ ఎత్తి పైకి లాగడానికి? దీని బానెట్ ఎత్తితే సామాన్ల డిక్కీ. ఇంజన్ సీట్ల వెనకాల ఉంటాది, గేర్‌బాక్స్‌తో కలిసి కిందికే వస్తాది. రెండు క్వింటాళ్ల పైమాటే. దాన్ని ట్రాలీ మీద కూర్చోబెట్టుకొని, బండిని పైకి లేపి, కింద నుంచి బయటికి లాక్కోవాల. వెనకభాగం రెండున్నర అడుగులన్నా లేపకుంటే రాదు.

పని మాత్రం బ్రహ్మవిద్య కాదు. బ్యాటరీ తీసెయ్యి. పెట్రోలు ప్రెషర్ వదిలిపెట్టినాకే ఆ పైపు ముట్టుకో. కూలెంట్‌కు ఒక బక్కెట్ చాలదు, ఇరవై లీటర్లు దాటుతాది: రేడియేటర్లు ముందుండాయి, ఇంజన్ వెనకుండాది, మధ్యలో పైపుల నిండా అదే. నేల మీద వదిలేయొద్దు, తియ్యగా ఉంటాదని కుక్కలు నాకి చస్తాయి. ఏసీ కంప్రెసర్ పైపులు విప్పొద్దు. కంప్రెసర్‌నే బోల్టులు తీసి తాడుతో పక్కకు కట్టెయ్, గ్యాస్ పోదు. వైరు వైరుకూ టేపు అంటించి రాసుకో. ఫోన్లో ఫోటో ఉంది కదా అనుకుంటే నెల తర్వాత ఆ ఫోటో చూసి ఏమీ అర్థం కాదు.

తాడిపత్రి_బండ:
అందరూ ఇంజన్ గురించే మాట్లాడుతుండారు. తమ్ముడూ, షెడ్డులో నేల ఏంది?

అనంత_గాలి:
మీ ఊరి నాపబండలే అన్నా. ఇసుక మీద పరిచినాం.

తాడిపత్రి_బండ:
అయితే ఆగు. బండలు కోసే మిషన్ల మధ్య పెరిగినోణ్ణి, చెప్తా విను. బండి 1,300 కిలోలు అనుకో. నాలుగు స్టాండ్లంటే ఒక్కోదాని మీద మూడు క్వింటాళ్ల పైన, అదీ వేలెడంత ఇనుప కాళ్ల మీద. బండ కింద ఇసుక ఒక చోట జారి ఉంటే ఆ బండ గాల్లో ఉన్నట్టే. మనిషి నడిస్తే ఏం కాదు. స్టాండు కాలు పడితే చెప్పాపెట్టకుండా పగుల్తాది, ఆ టైముకు నువ్వు బండి కింద పడుకోని ఉంటావు. స్టాండ్లు పెట్టే చోట సుత్తితో తట్టి చూడు. డబ్ డబ్‌మంటే డొల్ల. రేకు పరిచినా, చెక్క వేసినా డొల్ల డొల్లే.

కడప_స్పానర్:
ఈ మాట నాకు తట్టలేదు, మా షెడ్డు కాంక్రీటు. ఇంకోటి: ఇంజన్ దిగిపోయినాక బండి బరువంతా ముందుకు పోతాది. అప్పుడు ముందు డిక్కీ మీద చెయ్యేసి ఆనుకోవడం లాంటి పనులు చేయొద్దు, తోక లేస్తాది.

బురుజు_కర్నూలు:
సరే, దించారు. తర్వాత? అసలు వద్దన్నది దానికి. 2007 ఇంజన్లో మధ్య షాఫ్టు బేరింగ్ పెద్దది, దాన్ని మార్చాలంటే ఇంజన్ కేస్ (బయటి డబ్బా) రెండుగా చీల్చకుండా బయటికి రాదు. చీల్చారా, మళ్లీ కూర్చేటప్పుడు ఒక వైపు పిస్టన్ల పిన్నులు కేస్ పక్కనున్న రంధ్రంలోంచి, ప్రత్యేకమైన పనిముట్టుతో ఎక్కించాలి. పిన్ను కదలకుండా పట్టే సర్‌క్లిప్ రింగు జారి లోపల పడితే ఆ రోజు పని మొదటికొస్తుంది. సిలిండర్ గోడలు మామూలు ఇనుము కాదు, సిలికాన్ కలిసిన అల్యూమినియం. ట్రాక్టర్ బోరింగ్ చేసే లేత్ షాపుకు ఇస్తే మామూలు రాయితో గీకి చేతిలో పెడతాడు. ఇంజన్ పోయినట్టే.

కడప_స్పానర్:
చీల్చమని ఎవరన్నారు? నీళ్లు కలిసింది హెడ్ల దగ్గరైతే హెడ్ల వరకే చేసుకుంటాడు. ఆ పెద్ద బేరింగ్‌కు బయటి సీలు ఊడబెరికి, ఇంజన్ ఆయిలే తగిలేటట్టు వదిలేసే మెకానిక్కులు ఉండారు.

బురుజు_కర్నూలు:
హెడ్లేనని విప్పకముందే నీకెట్లా తెలుసు? నురగ నీళ్లతో బేరింగులన్నీ తడిసిన ఇంజన్ అది. పైగా అనంతపురం గాలి. రామగిరి గాలిమరలు ఊరికే తిరుగుతాయా? తెరిచిన ఇంజన్లో ఎర్రమట్టి పడితే ఏ సీలూ కాపాడదు.

పెనుకొండ_రోడ్డు:
ఒక్క మాట. రిపేరు కుదరక వేరే ఇంజన్ పెట్టాల్సొస్తే నంబరు మారుతుంది, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అమ్మేటప్పుడు గుర్తుకొచ్చే సంగతి ఇది.

అనంత_గాలి:
సాయంత్రం సుత్తి తీసుకోని తట్టి చూసినా. నాలుగు చోట్లలో రెండు డబ్‌డబ్. మా షెడ్డులో ఆ పని లేదు ఇంక.

మా మామ శెనక్కాయల గోడౌన్ ఉండాది, కాంక్రీటు నేల, తలుపులు మూస్తే గాలి రాదు. కొత్త పంట వచ్చేలోపల ఖాళీ చేయాలని షరతు పెట్టినాడు. ఇంజన్ అక్కడ దించి, హెడ్లు తీసి చూస్తాం. కేస్ చీల్చాల్సొస్తే మాత్రం నేను ముట్టుకోను, ఇంజన్ ఒక్కటే బెంగళూరుకు పోతాది. కర్నూలు అన్న ఈ ఒక్క ముక్కకు ఒప్పుకుంటాడేమో.

బురుజు_కర్నూలు:
సగానికి ఒప్పుకుంటా. మిగతా సగం హెడ్లు విప్పినాక ఫోటోలు పెట్టు, అప్పుడు చెప్తా.

బోరు_మోటరు:
అదంతా సరే. చైన్ బ్లాకు తేవాలా, బ్యాడా?

అనంత_గాలి:
తే అన్నా. దిగిన ఇంజన్‌ను ట్రాలీ మీంచి బల్ల మీదికి ఎత్తేదానికి అదే కావాల.